ఒట్టి నీళ్లు

మా వీధి ఎత్తు మీదికి ఎక్కుతుంది. పై చివర, రాతి మెట్లు దాటితే ఒక చర్చి. కింది చివర, ఒకప్పుడు కాగితం బేళ్లు దాచిన గోదాములో ఇంకో చర్చి. పైవాళ్లు పసిపిల్లల నెత్తిన నీళ్లు చిలకరించి అదే బాప్తిస్మం అంటారు. కిందివాళ్లు ఎదిగిన మనుషుల్ని తొట్టిలో నిలువునా ముంచి, బాప్తిస్మమంటే ఇదీ అంటారు. మధ్యలో నా కుట్టు దుకాణం. పైవాళ్ల పిల్లలకు లేసు గౌన్లు, కిందివాళ్ల పెద్దలకు తెల్లటి అంగీలు కుట్టేది నేనే కాబట్టి రెండు చర్చిల వాళ్లూ నన్ను నవ్వుతూ పలకరిస్తారు, కొలతలు ఇస్తూ అవతలివాళ్ల మీద చాడీలు చెబుతారు. నేను నోట్లో గుండుసూదులు పెట్టుకుని వింటాను. ఆ సూదులే లేకపోతే ఏమనేదాన్నో నాకే తెలియదు.

వాళ్ల వాదం ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. దేవుడి దయ మనం అడిగితే వచ్చేది కాదు, బిడ్డకు మాటలు రాకముందే తల్లి పాలిచ్చినట్టు అది ముందే వస్తుంది, అందుకే పసివాళ్లకు ఇస్తాం అంటారు పైవాళ్లు. ముందు నమ్మకం, తర్వాత నీళ్లు, ఊహ తెలియని బిడ్డ ఏం నమ్ముతుందని దానికి బాప్తిస్మం అంటారు కిందివాళ్లు. రెండూ వినడానికి బాగానే ఉంటాయి. చెప్పే నోళ్లే బాగుండవు. బైబిల్లో ఒక జైలు అధికారి ఇంటిల్లిపాదితో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడట. ఆ ఇంటిల్లిపాదిలో ఉయ్యాల్లో పిల్ల ఉన్నట్టా, లేనట్టా? ఉండే ఉంటుందని వాళ్లు, ఉంటే రాసి ఉండేవారని వీళ్లు. ఆ పిల్ల సంగతి తేల్చుకోవడానికి ఒకసారి ఇద్దరు పెద్దమనుషులు నా దుకాణంలోనే చొక్కాలు పట్టుకునేదాకా వచ్చారు. అప్పుడు కూడా ఒకరినొకరు సోదరా అనే పిలుచుకున్నారు.

ఇదంతా నాకు వేడుకగానే ఉండేది, మా అమ్మ దాకా రానంతవరకూ.

అమ్మ పై చర్చిలో పుట్టి పెరిగిన మనిషి. నాన్న పోయాక చెల్లెలి ఇంట్లో ఉంటోంది. నాది దుకాణం పైన ఒక్క గది, ఎక్కాలంటే ఇరుకు మెట్లు, అమ్మకేమో ఆయాసం. చెల్లెలి ఇల్లు కింది చర్చికి ఎదురుగానే. దాని మొగుడు, అంటే నా మరిది, ఆ చర్చిలో సంఘపెద్ద. రాతి మెట్లు ఎక్కే ఓపిక లేక అమ్మ ఆదివారాలు వాళ్లతోపాటే కింది చర్చికి వెళ్లేది. పాటలు పాడేది, ప్రార్థనకు తల వంచేది. ప్రభువు పేరిట అందరూ పంచుకు తినే రొట్టె పళ్లెం వచ్చేసరికి మాత్రం మరిది దాన్ని అమ్మ తల మీదుగా చెల్లెలికి అందించేవాడు. తమ తొట్టిలో మునగనివాళ్లకు అక్కడ రొట్టె లేదు. కన్నకూతురు పక్కనే కూర్చుని తింటుంటే అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని చూసేది. చెల్లెలు తినేటప్పుడు దాంతోపాటు తనూ తినాలి, అంతకు మించి ఇక కోరికలేమీ లేవు అని నాతో చెప్పుకుంది.

మునిగితే పోయేదేముంది అని మొదట అన్నది నేనే. పోయేది ఉంది. ఆ చర్చికి ఒక పద్ధతి. చిలకరింపు వాళ్ల నుంచి వచ్చిన మనిషి తొట్టిలో నిలబడి, అందరూ వినేలా ఒక మాట అనాలి. పసితనంలో నా మీద పోసినవి ఒట్టి నీళ్లేనని ఒప్పుకుంటున్నాను, అని. అన్నాకే ముంచుతారు. అమ్మ గొంతుకు అడ్డం పడింది ఆ మాటే.

అమ్మ తొలి బిడ్డ నేను కాదు. నాకంటే ముందు పుట్టి, నాకంటే ఎప్పటికీ చిన్నవాడిగానే ఉండిపోయిన అన్న ఒకడున్నాడు. నెలలు నిండకుండా పుట్టాడు. ఆ మధ్యాహ్నం వాడికి ఊపిరి అందడం లేదని చూసి నాన్న పై చర్చి అయ్యగారి కోసం పరుగెత్తాడు. పెదాలు నల్లబడిపోతుంటే ఆగలేక, అమ్మ మంచం పక్కనున్న గ్లాసులోంచి అరచేతిలోకి నీళ్లు వంచుకుని వాడి తల మీద పోసి తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరు చెప్పింది. ప్రాణం మీదికి వస్తే ఎవరైనా పోయవచ్చని ఆ చర్చిలోనే నేర్పారు. అయ్యగారు వచ్చేసరికి వాడు లేడు. ఆయన గుమ్మంలో నిలబడి అడిగిన మొదటి ప్రశ్న, నీళ్లు పోసేటప్పుడు బిడ్డకు ఊపిరి ఉందా అని. పురిటి మంచం మీదున్న మనిషిని ఆ మాట అడగడానికి ఎంత చదువు చదవాలో. అమ్మకు గుర్తు లేదు. ఆయన కాసేపు గడ్డం నిమురుకుని, సరే, చెల్లిందనే అనుకుందాం అన్నాడు. ఆ ‘అనుకుందాం’ పట్టుకునే మా అమ్మ ఇన్నేళ్లు బతికింది.

ఇప్పుడు అవి ఒట్టి నీళ్లని అనమంటున్నారు. తన మీద పోసినవి ఒట్టివైతే, వాడి మీద తను పోసినవీ ఒట్టివే. వాడికి ఆ నీళ్లు తప్ప ఇంకేమీ లేవు. పేరు కూడా పెట్టలేదు.

మరిది చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది. చెడ్డవాడు కాదు. మంచినీళ్ల సీసాలు నింపే ఫ్యాక్టరీలో పని చేస్తాడు. బెల్టు మీద వరుసగా వచ్చే సీసాల మూతలు సరిగ్గా పడ్డాయో లేదో చూడడం ఆయన ఉద్యోగం. చర్చిలోనూ అలాంటి పనే ఇచ్చారు. ఎవరినైనా ముంచేటప్పుడు తొట్టి అంచున వంగి నిలబడి, మునిగిన మనిషిలో ఏ భాగమూ నీటి పైన మిగలలేదని చూసి ‘పూర్తి’ అని గట్టిగా అనాలి. అప్పుడు జనమంతా ‘ఆమెన్’ అంటారు. వేలు తేలినా ఒప్పుకోడు. అత్తగారి పరలోకం గురించి ఆయనకు నిజంగానే బెంగ. ఆ బెంగతో రోజూ భోజనాల దగ్గర ఆమెను నంజుకు తినేవాడు.

ఒక సాయంత్రం పాస్టరుగారిని కూడా ఇంటికి తీసుకొచ్చాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. పాస్టరుగారు చల్లగా మాట్లాడే మనిషి. మా అన్న సంగతి విని తల పంకించి, పసిపిల్లలకు పాపమే అంటదు, వాళ్లకు బాప్తిస్మంతో పనే లేదు, నేరుగా పరలోకానికే పోతారు, కాబట్టి బెంగ పెట్టుకోవద్దు అన్నాడు. వాడికి అవసరమే లేదంటే, ఒట్టి నీళ్లని తన చేత ఎందుకు అనిపించడం, ఊరికే వదిలేయవచ్చుగా అని అడిగింది అమ్మ. అది సిద్ధాంతం అమ్మగారూ అన్నాడు పాస్టరుగారు. మా చెల్లెలు తలుపు పక్కన నిలబడి గోళ్లు కొరుక్కుంటోంది. పెళ్లికి ముందు అదీ ఆ మాట అన్నదే. ఆ రోజు అంగీ కుట్టిందీ నేనే.

నాకు ఒళ్లు మండి, మర్నాడు దుకాణం మూసి రాతి మెట్లెక్కాను. పై చర్చికి ఇప్పుడున్న అయ్యగారు కుర్రవాడు, ఇస్త్రీ నలగని చొక్కా. మా అమ్మ మెట్లెక్కలేదు, మీరే దిగి వచ్చి ఇంట్లో ఆమెకు రొట్టె ఇవ్వండి, కింది చర్చివాళ్ల బెడద వదులుతుంది అని అడిగాను. తీరిక చూసుకుని వస్తానన్నాడు. ఆ తర్వాత చాలాసేపు నాకు బోధ చేశాడు. రెండోసారి బాప్తిస్మం తీసుకోవడమంటే మొదటిదాన్ని కాలితో తన్నినట్టేనట. అలా చేస్తే అమ్మ పేరు ఈ సంఘంలో ఉండదట, సమాధుల తోటలో నాన్న పక్కన అమ్మకు ఉంచిన చోటు గురించి కూడా కమిటీ ఆలోచించాల్సి వస్తుందట. ఇంతకీ, మీ అన్నకు నీళ్లు పోసినప్పుడు ఊపిరి ఉందా అని అడిగాడు. ముసలాయన పోయినా ప్రశ్న మాత్రం చెక్కుచెదరకుండా కుర్రవాడికి దక్కింది. నేను వందనం కూడా పెట్టకుండా మెట్లు దిగాను. ఆయనకు తీరిక చిక్కలేదు. ఇప్పటికీ చిక్కలేదు.

చివరికి అమ్మే మునుగుతానంది. మరిది మొహం దీపంలా వెలిగింది. చెల్లెలు నన్ను పక్కకు పిలిచి అమ్మకు అంగీ కుట్టమంది. ముంపు అంగీ కుట్టడంలో ఒక కిటుకుంది. మామూలుగా కుడితే నీళ్లలో దిగగానే గాలి నిండి గొడుగులా పైకి లేస్తుంది, పరిశుద్ధ కార్యం కాస్తా నవ్వులపాలవుతుంది. అందుకని అంచు మడతలో, బరువు పరదాలకు వేసే సీసం గుళ్లు పెట్టి కుడతాను. అమ్మ నా దుకాణంలో అద్దం ముందు నిలబడింది. నేను కింద కూర్చుని అంచు మడుస్తున్నాను. భుజాలు ఎంత చిక్కిపోయాయో కొలతలు తీస్తేగాని తెలియలేదు.

ఆ మాట అంటావా అని అడిగాను. అమ్మ అద్దంలోకే చూస్తూ, అంగీ మరీ పొడుగైంది, కాళ్లకు అడ్డం పడుతుందేమో చూడు అంది. నేను మళ్లీ అడగలేదు. అంటుందేమోనని భయం వేసింది. అనకుండా వెనక్కి వస్తే చెల్లెలి ఇంట్లో రోజూ ఎలా గడుస్తుందోనని అంతకన్నా భయం వేసింది.

ఆ ఆదివారం గోదాము నిండిపోయింది. వేదిక మీది చెక్క పలకలు తీసి పక్కన నిలబెట్టారు. వాటి కింద తొట్టి, దిగడానికి సిమెంటు మెట్లు. నీళ్లు వేడి చేసే కడ్డీ పాడైందట, బాగు చేయించడానికి ఎవరికీ తీరలేదట. పాస్టరుగారు మాత్రం వెచ్చగానే ఉన్నాడు. ఆయన అంగీ కింద చంకల దాకా రబ్బరు తొడుగు ఉంటుంది, చేపలు పట్టేవాళ్లు వేసుకునే రకం. ఇన్నేళ్లుగా ఇంతమందిని ముంచిన మనిషి ఒక్కసారి కూడా తడవలేదు.

అమ్మకు ముందు బేకరీ యజమాని దిగాడు. భారీ మనిషి. వెనక్కి వాల్చగానే మోకాళ్లు రెండూ పైకి తేలాయి. మరిది వంగి చూసి, మోకాళ్లు అన్నాడు. మళ్లీ ముంచారు. ఈసారి పొట్ట. ఒక పెద్ద వచ్చి భుజాలు నొక్కితే గాని ఆయన రక్షణ పూర్తి కాలేదు. పూర్తి అన్నాడు మరిది. ఆమెన్ అన్నారు జనం. పాపం ఆయన ముక్కులోంచి, చెవుల్లోంచి నీళ్లు కారుస్తూ మెట్లెక్కాడు.

అమ్మ గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. నీళ్లు నడుము దాకా వచ్చేసరికి ఊపిరి పైకి లాక్కుంది. ఆ చప్పుడు నా దాకా వినిపించింది. పాస్టరుగారు ఆమె వీపు మీద చెయ్యి వేసి, మాట అందించాడు. పసితనంలో నా మీద పోసినవి. అమ్మ పలకలేదు. చలికి నోరు రావడం లేదనుకుని ఆయన ఇంకొంచెం గట్టిగా అందించాడు. అప్పుడు అమ్మ తల తిప్పి ఆయన వంక చూసింది.

“అది అనను పాస్టరుగారూ. ముంచండి, మునుగుతాను. ఊపిరి అందకపోయినా మునుగుతాను. ఆ మాట మాత్రం నా చేత అనిపించకండి.”

“మీ గురించే కదమ్మా అనమంటున్నది. పిల్లాడి ఊసు లేదిందులో.”

“వాడి మీద పోసింది నేనేగా. నా మీద ఎలా పోశారో వాడి మీదా అలాగే పోశాను.”

నడుముల్లోతు నీళ్లలో నిలబడి పాస్టరుగారు నీళ్లు నమిలాడు. తర్వాత తొట్టి అంచుకు వెళ్లి, మరిది కాక, అక్కడ వంగిన ఇంకో ఇద్దరు పెద్దలతో గుసగుసలు మొదలుపెట్టాడు. మాట లేకుండా ముంచితే చెల్లుతుందా? ముంచకుండా పైకి పంపితే జనం ఏమనుకుంటారు? ముగ్గురూ ఒకరి చెవి ఒకరు కొరుక్కుంటున్నారు. మా అమ్మ అక్కడే, ఆ చన్నీళ్లలో, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని వణుకుతోంది. రబ్బరు తొడుగు వేసుకున్నవాడికి తొందరేముంటుంది. నేను లేచి నిలబడ్డాను. ఏం చేద్దామని లేచానో తెలియదు, ఒక్కణ్ణయినా తొట్టిలోకి తోసేదాన్నేమో.

అంతలో అమ్మ కళ్లు మూసుకుంది. నాకు వినపడకుండా ఏదో అనుకుంది. మోకాళ్లు మడిచి తనంతట తానే నీళ్లలోకి కూర్చుంది. భుజాలు మునిగాయి, గడ్డం మునిగింది, నెరిసిన జుట్టు ఒక్క క్షణం తేలి అదీ మునిగింది. సీసం గుళ్లు పని చేశాయి, అంగీ అంచు కూడా లేవలేదు.

“పూర్తి,” అన్నాడు మరిది.

అలవాటు. బెల్టు మీద సీసా వస్తే చెయ్యి ఆగనట్టు, మనిషి మునిగితే ఆయన నోరు ఆగదు. జనానికీ అలవాటే. ఆమెన్ అన్నారందరూ. గోదాము రేకులు మోగాయి. అన్నాక ఎవరికి వాళ్లు నాలుక కరుచుకున్నారు. అమ్మ దగ్గుతూ పైకి లేచింది. పాస్టరుగారు తిరిగి చూసేసరికి బాప్తిస్మం అయిపోయింది, ఆయన ప్రమేయమే లేకుండా.

ఇక చూడాలి ఆ మేధావుల అవస్థ. సంఘపెద్దలు గది తలుపులు వేసుకుని కూర్చున్నారు. ఒప్పుకోలు లేదు కాబట్టి చెల్లదని ఒకరు. సంఘమంతా ఆమెన్ అన్నాక చెల్లదంటే ఆమెన్‌కు విలువేముందని ఇంకొకరు. తనను తాను ముంచుకునే అధికారం ఎవరికీ లేదని పాస్టరుగారు. చూసి పూర్తి అన్నది నువ్వే కదా అని అందరూ కలిసి మరిది మీద పడ్డారట. నీళ్ల మట్టుకు పూర్తేనండీ, మిగతాది నాకు తెలియదు అన్నాడట పాపం. ఈ మాటలన్నీ చెల్లెలే నాకు చెప్పింది, నవ్వాలో ఏడవాలో తెలియని మొహంతో. ఆఖరికి తేల్చింది ఏమిటంటే, మా అమ్మ మునిగిన మాట నిజమే గాని బాప్తిస్మం పొందలేదు. స్నానం చేసింది.

అమ్మకు జలుబు చేసి, అది ఆయాసంలోకి దిగింది. చాలా రోజులు దిండ్లకు ఆనుకునే నిద్రపోయింది. పాస్టరుగారు చూడ్డానికి వచ్చి అమ్మను ఇంకోసారి ఆలోచించుకోమనమని చెల్లెలితో చెప్పి వెళ్లాడు. పై చర్చి అయ్యగారికి ఈ కబురు ఎవరు మోశారో గాని, ఆయన మనిషిని పంపి అమ్మ మునిగిన మాట నిజమేనా అని వాకబు చేయించాడు. రొట్టె ఇవ్వడానికి లేని తీరిక దీనికి దొరికింది. ఇద్దరికీ తలుపు తీసింది మా చెల్లెలే. మంచం దగ్గరికి మాత్రం ఎవరినీ రానివ్వలేదు. పాస్టరుగారిని కూడా గుమ్మంలోంచే పంపిందట. అది ఒకరి మాటకు ఎదురాడిందని వినడం నాకు అదే మొదటిసారి.

అమ్మ లేచి తిరగగలిగాక వచ్చిన మొదటి ఆదివారం నేనూ వాళ్లతో వెళ్లాను. నాకు భక్తి పుట్టి కాదు. దారిలో అమ్మ పడిపోతుందేమోనని వెళ్లాను. అమ్మ మధ్యలో, అటు చెల్లెలు, ఇటు నేను. మా బెంచీ వైపు ఎవరూ చూడలేదు. అంటే అందరూ చూస్తున్నారన్నమాట. వేదిక మీద పలకలు మళ్లీ పరిచేశారు, తొట్టి ఉన్న జాడే లేదు. దాని మీదే నిలబడి పాస్టరుగారు కళ్లు మూసుకుని దీర్ఘప్రార్థన మొదలుపెట్టాడు. మరిది రొట్టె పళ్లెం పట్టుకుని బెంచీ తర్వాత బెంచీ దాటుకుంటూ వచ్చాడు.

మా బెంచీ దగ్గర ఆగి, ఎప్పటిలాగే అమ్మ తల మీదుగా పళ్లెం చాపాడు. చెల్లెలు ఒక ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకోలేదు. రెండుగా తుంచి, సగం అమ్మ అరచేతిలో పెట్టి, ఆ చేతిని తన చేత్తో మూసింది. మరిది పళ్లెం చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. ఆయన కాదంటే చెల్లెలి కాపురం ఏమవుతుందో, ఊరుకుంటే ఆయన పెద్దరికం ఏమవుతుందో, ఆ క్షణాన ముగ్గురికీ తెలుసు.

మా అమ్మ ఆ ముక్కను గబుక్కున మింగేసి ఉంటే బాగుండేదని నాకనిపించింది. అమ్మ అలాంటి మనిషి కాదు. దొంగతిండి తినదు. మొహం పైకెత్తి అల్లుడి కళ్లలోకి చూసింది.

“నేను ఆ మాట అనలేదు బాబూ. అనను కూడా. తెలిసే ఇస్తున్నారా?”

మరిది వేదిక వైపు చూశాడు. పాస్టరుగారి కళ్లు ఇంకా మూసే ఉన్నాయి. మరిది మెడ మీద చెమట పట్టింది. మామూలుగా ఆయన్ని చూస్తే నాకు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

“తెలుసు అత్తయ్యా,” అన్నాడు లోగొంతుకతో. “తినండి.”

పళ్లెం పట్టుకుని తర్వాతి బెంచీకి వెళ్లిపోయాడు. చెల్లెలు, అమ్మ ఒకేసారి నోట్లో పెట్టుకున్నారు. చెల్లెలు ఏడుస్తూ నమిలింది. అమ్మ ఏడవలేదు. పళ్లు లేని మనిషి, ఆ చిన్న ముక్క అరగదీయడానికి చాలాసేపు పట్టింది. అయ్యాక నా చెవి దగ్గరికి వంగింది.

“ఏమే, వాడికేం ఇబ్బంది లేదుగా?”

ఎవరికని అడగక్కర్లేదు, పేరు కూడా పెట్టని ఆ పిల్లాడికే. నాకు పైవాళ్ల సిద్ధాంతం తెలియదు, కిందివాళ్లదీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. దేవుడి సంగతి కూడా నేను గట్టిగా చెప్పలేను.

“లేదమ్మా,” అన్నాను. “ఏ ఇబ్బందీ లేదు.”

అమ్మ తల ఊపి ముందుకు తిరిగింది, గుండెల మీది బరువు దించుకున్న మనిషిలా. అంత చిన్న మాట అది. ఏ సిద్ధాంతమూ తగిలించకుండా, ఇన్నేళ్లలో ఒక్కడి నోటి నుంచీ రాలేదు.